పత్తి కాయలోనే మొలకలు వచ్చాయి: మన దగ్గర వానలు ఎందుకిట్లా మారాయి?

చల్కనేల, చండూరు వైపు
నవంబరు 8

అందరికీ నమస్కారం. మాది నాలుగెకరాల పత్తి. మునుగోడు, చండూరు మధ్య చల్క నేల, బోరు ఉన్నా లేనట్టే. ఈ ఏడు, అంటే 2025లో, జరిగింది రాస్తాను. తెలిసినవాళ్ళు చెప్పండి.

రుతుపవనాలు ఈసారి తొందరగా వచ్చాయి. మే 24నే కేరళను తాకాయి. మే నెలాఖరుకే మా ఊళ్ళో మంచి వాన పడింది. మృగశిర ఇంకా రానేలేదు, అప్పటికే దుక్కి పదునైంది. ఊరంతా గింజలు పెట్టారు, నేనూ పెట్టాను. తర్వాత జూన్‌లో మబ్బు పట్టడం, గాలి లేవడం, వెళ్ళిపోవడం. సగం మొలిచి మాడిపోయింది, సగం మొలవనే లేదు. మళ్ళీ ప్యాకెట్లు కొన్నాం, మళ్ళీ కైకిలి ఇచ్చాం.

ఎట్లనో పంట నిలబడింది. కాయలు పగిలి తెల్లగా కనిపిస్తున్న టైమ్‌లో అక్టోబరు చివర మోంథా తుపాను వచ్చింది. వాన వెలిసిన నాలుగో రోజు చేనులోకి పోయి ఒక కాయ తెంపి చూశాను. దూది ముద్దయి మట్టిరంగు తిరిగింది. వేళ్ళతో విప్పితే లోపల గింజ పగిలి, గోరంత తెల్లటి మొలక దూదిని చీల్చుకుని బయటికి వస్తోంది. ఇంకో కాయలో రెండు చిన్న పచ్చని ఆకులు కూడా విచ్చుకున్నాయి. చెట్టు మీదే, కాయలోనే. మా నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "జూన్‌ల భూమిల మొలవనిది ఇప్పుడు చెట్టు మీద మొలిచింది" అన్నాడు.

2025-26కు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. కానీ తేమ 12 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబెట్టడానికి వాకిలి చాలలేదు, ఎండా లేదు. వ్యాపారి అడిగిన ధరకే ఇచ్చేశాను.

నాయన అరవై ఏళ్ళ నుంచి కార్తెల లెక్కతోనే వ్యవసాయం చేశాడు. ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. ఇది నిజంగా వాతావరణ మార్పేనా, లేక ఒక చెడ్డ ఏడాదా? ఎవరి వల్ల వచ్చింది? మనం చేయగలిగింది ఏమన్నా ఉందా?

గద్వాల గట్టు
నవంబరు 8

అన్నా, చదువుతుంటే బాధైంది. మాది విత్తన పత్తి, మాకూ దెబ్బ తగిలింది.

కానీ ప్రతిదాన్నీ వాతావరణ మార్పు మీద వేయడానికి నాకు మనసొప్పదు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచింది. అప్పుడు మన దేశంలో కార్లెన్ని, కరెంటు ఎంత? 1876-78 కరువులో దక్కన్‌లో లక్షల మంది తిండి లేక పోయారు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కర్నూలు మునిగింది, మా అలంపూర్ మునిగింది. మా చిన్నమ్మ వాళ్ళ ఇంటి గోడ మీద ఆ నీటి మరక ఇప్పటికీ ఉంది, నేను పక్కన నిలబడితే మెడ దాకా వస్తుంది. డ్యాముల్లో నీళ్ళు ముందే ఎందుకు వదల్లేదని అప్పుడు గట్టిగా చర్చ నడిచింది.

అంతా వాతావరణం మీదికి నెట్టేస్తే చెరువు శిఖాన్ని కబ్జా చేసినవాడు, కాల్వ గట్టు పట్టించుకోనివాడు హాయిగా తప్పించుకుంటారు. నా భయం అదొక్కటే.

వానలెక్క, మిర్యాలగూడ
నవంబరు 8

గట్టు అన్నా, నువ్వు చెప్పిన 2009నే తీసుకుందాం. ఆ ఏడు రుతుపవనాల కాలంలో దేశం మొత్తం మీద 22 శాతం లోటు. ఎల్‌నినో ఏడాది, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన దగ్గర తరచూ వానలు తగ్గే ఏడాది. కరువు ప్రకటిస్తారా లేదా అని ఆగస్టులో అందరూ ఎదురుచూస్తుంటే, అక్టోబరు మొదటి వారంలో ఆ వరద వచ్చింది. ఒకే ఏడాదిలో కరువూ వరదా రెండూ.

2023 చూడు. జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన. పాలమూరులో కొన్ని మండలాలకు ఏడాదంతా కలిపినా అంతే పడుతుంది. సరిగ్గా తర్వాతి నెల, ఆగస్టు 2023, 1901 నుంచి లెక్కలున్నంత వరకు దేశంలో అన్నిటికంటే పొడి ఆగస్టు.

నేను పదేళ్ళుగా మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాన కేంద్రాల లెక్కలు రాసుకుంటున్నాను. ఏడాది మొత్తం కూడితే చాలాసార్లు "సాధారణం" అనే వస్తుంది. టీవీలో కూడా అదే చెప్తారు. కానీ రైతుకు కావాల్సింది మొత్తం కాదు, ఎన్ని రోజులు పడింది, మధ్యలో ఎన్ని రోజులు ఆగింది అనేది. 2.5 మిల్లీమీటర్లు దాటితే దాన్ని వాన రోజు అంటారు. అరవై మిల్లీమీటర్లు ఆరు రోజుల్లో పడితే చల్క నేల తాగుతుంది. అదే అరవై మిల్లీమీటర్లు రెండు గంటల్లో పడితే మట్టిని కూడా తీసుకుని వాగులోకి పోతుంది. లెక్కలో రెండూ ఒకటే.

మధ్య భారతం మీద 1950 నుంచి 2015 వరకు చూస్తే విస్తారంగా పడే అతి భారీ వానలు మూడింతలయ్యాయని శాస్త్రవేత్తలు తేల్చారు. అరేబియా సముద్రం వేడెక్కడం అందులో పెద్ద కారణం. ఎల్‌నినో ఎప్పటినుంచో ఉంది, నిజమే. అది వచ్చిపోతుంది. దాని కింద ఉన్న మామూలు వేడి మట్టమే మెల్లగా పైకి లేస్తోంది.

లెక్కల సారు, నల్గొండ
నవంబరు 9

రిటైరయ్యాక ఈ విషయం మీద నాలుగేళ్ళుగా చదువుతున్నాను. బడిలో చెప్పినట్టే చెప్తాను, విసుక్కోకండి.

చలికాలం రాత్రి మబ్బు పట్టి ఉంటే చలి తక్కువ, ఆకాశం నిర్మలంగా ఉంటే చలి ఎక్కువ. ఇది అందరికీ తెలుసు. పగలు భూమి తీసుకున్న వేడి రాత్రి పైకి పోతుంది, మబ్బు దాన్ని కొంత ఆపుతుంది. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వాయువులు చేసేదీ ఇలాంటి పనే. కాకపోతే మబ్బు తెల్లారేసరికి పోతుంది, కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్ళు ఉంటుంది.

ఇది మొన్నమొన్న పుట్టిన మాట కాదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ 1896లోనే లెక్క కట్టాడు. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958లో హవాయి దీవుల్లో కీలింగ్ అనే ఆయన రోజూ కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది.

సూర్యుడి వల్ల కావచ్చు కదా అని అడుగుతారు. సూర్యుడే కారణమైతే వాతావరణం పై పొరలు కూడా వేడెక్కాలి. కింద పొర వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కిందే చిక్కుకుపోతోందనడానికి అది గుర్తు.

ఇక గట్టు గారి ప్రశ్న. ఒక్క తుపానును పట్టుకుని ఇది మార్పు వల్లే అనలేం. బీపీ ఉన్న మనిషికి ఒక రోజు తల తిరిగితే ఎండకా, ఆకలికా, బీపీకా చెప్పలేం. నెలకు ఒకసారి తిరిగే తల వారానికి రెండుసార్లు తిరుగుతుంటే బీపీ చూసుకోవాల్సిందే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే పడనప్పుడు ఎక్కువ రోజులు పడదు, పడితే కుమ్మరిస్తుంది. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే 2024లో భూమి సగటు ఉష్ణోగ్రత మొదటిసారి ఏడాది మొత్తానికి ఒకటిన్నర డిగ్రీ పైకి వెళ్ళింది.

మూసీ పక్క, చౌటుప్పల్
నవంబరు 9

సార్, మా దగ్గర కంపెనీల వాసనకు రాత్రి కిటికీ తీయలేం. బోరులో నీళ్ళు రంగు మారాయి. ఈ ఎండలు కూడా ఓజోన్ పొరకు చిల్లు పడటం వల్లే కదా?

లెక్కల సారు, నల్గొండ
నవంబరు 9

అమ్మా, మూడూ వేరు వేరు. మీ బోరు నీళ్ళది కాలుష్యం, దానికి బాధ్యులు మీకు కనిపించేంత దగ్గరలోనే ఉంటారు, ఫిర్యాదు చేయాల్సిందే. ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. దాన్ని దెబ్బతీసే రసాయనాలను ఆపడానికి 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం జరిగింది, ఆ పొర కోలుకుంటోంది. ఎండలు పెరగడానికి కారణం ఓజోన్ కాదు. కానీ ఆ ఒప్పందం గురించి పిల్లలకు తప్పకుండా చెప్పాలి. దేశాలన్నీ కలిసి ఒక పని చేస్తే అవుతుందని చూపించింది అదే.

పాలమూరు బిడ్డ, కోస్గి
నవంబరు 10

నేను పుణెలో స్లాబ్ పని చేస్తాను. మా నాయన ముంబై బస్సెక్కాడు, నేను పుణె బస్సెక్కాను. మా తాత నాగార్జునసాగర్ డ్యాము దగ్గర రాళ్ళు మోశాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మమ్మల్ని ఊరు నుంచి వెళ్ళగొట్టింది కరువే, అది ఈ గ్యాసులు పెరగకముందు నుంచీ ఉంది. అందుకే గట్టు అన్న మాట నేను కొట్టిపారేయను.

కానీ ఒకటి చెప్పాలి. ఇంతకుముందు కరువు నుంచి పారిపోతే పని దొరికిన చోట ఎండ ఇట్లా ఉండేది కాదు. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే సెంట్రింగ్ ఇనుప రేకుల మీద చెయ్యి పెట్టలేం. గ్లౌజులు ఇవ్వరు, గుడ్డ చుట్టుకుంటాం. మధ్యాహ్నం ఆపితే కూలి కోత. పోయిన ఎండాకాలం మా పక్క తండా పిల్లగాడు, ఇరవై రెండేళ్ళు, నిచ్చెన మీద నుంచే కళ్ళు తిరిగి పడ్డాడు. బతికాడు. తెల్లారి మళ్ళీ పనికి వచ్చాడు, రాకపోతే ఇంటికి డబ్బు పోదు.

ఈ చర్చల్లో రైతు పేరు వస్తుంది, కూలి పేరు రాదు. అందుకే రాశాను.

సిస్టర్, దేవరకొండ
నవంబరు 10

తమ్మీ, నువ్వు రాసింది చదివి నేనూ రాస్తున్నా. పద్దెనిమిదేళ్ళుగా ఏఎన్ఎంగా పని చేస్తున్నాను.

2015 మే నెల నేను మర్చిపోలేను. ఆ వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. మన నల్గొండ జిల్లాకు పెద్ద దెబ్బ తగిలింది. అప్పుడు మేము ఇంటింటికీ ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుతూ, పగలు బయటికి వెళ్ళొద్దని చెప్పాం. వెళ్ళనివాళ్ళు కూడా చనిపోయారు. ఎందుకో తర్వాత అర్థమైంది.

ఒక ముసలమ్మ ఉండేది, ఒక్కతే, రేకుల గది. పగలంతా వేపచెట్టు కింద కూర్చునేది, తడి తువ్వాల నెత్తిన వేసుకునేది, మేము చెప్పినవన్నీ చేసేది. రాత్రి దొంగల భయానికి తలుపు మూసుకుని పడుకునేది. రేకు పగలు తాగిన వేడిని రాత్రంతా కిందికి వదులుతుంది. ఫ్యాన్ ఆ వేడి గాలినే తిప్పుతుంది. పగలు కష్టపడ్డ ఒంటికి రాత్రి చల్లదనం దొరికితేనే గుండె కోలుకుంటుంది. అది దొరకలేదు. మూడో రోజు పొద్దున పాలు పోసే పిల్ల చూసింది.

అప్పటినుంచి నేను పగటి ఉష్ణోగ్రత కంటే రాత్రిది ఎక్కువ చూస్తాను. రికార్డుల్లో ఆమె చావుకు వేరే కారణం రాశారు. వడదెబ్బ కాగితాలకు పంచనామా, పోస్టుమార్టం అన్నీ కావాలి, ఒంటరి ముసలమ్మకు అవన్నీ ఎవరు తిరుగుతారు? రేకుల ఇళ్ళకు పైన సున్నం వేసినా లోపల కొంత తగ్గుతుంది, మా ఊళ్ళో నలుగురితో వేయించాను. మీరూ చేయండి, ఖర్చు పెద్దది కాదు.

చల్కనేల, చండూరు వైపు
నవంబరు 10

అక్కా, మా ఇంట్లో నాయన పడుకునేది రేకుల కిందే. ఈ ఎండాకాలం రాకముందే వేయిస్తా.

దామరచర్ల నుంచి
నవంబరు 11

మా ఊరి పక్కనే యాదాద్రి థర్మల్ ప్లాంటు. ఐదు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు, మొత్తం 4,000. మా భూములు కొన్ని దాంట్లో పోయాయి, మా తమ్ముడికి అక్కడే కాంట్రాక్టు పని దొరికింది. కాబట్టి రెండు వైపుల నుంచీ మాట్లాడతాను.

బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కు సుమారు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 5 హెచ్‌పీ మోటారు ఎనిమిది గంటలు నడిస్తే దాదాపు 30 యూనిట్లు. ప్రతి రైతూ తన బోరు లెక్క వేసుకోవచ్చు. కానీ ఆ బోరు ఆపేస్తే ఏమవుతుంది? 2014కు ముందు కరెంటు కోసం రాత్రి పొలం దగ్గర పడుకుని, చీకట్లో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయినవాళ్ళు మా మండలంలోనే ఉన్నారు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆ చావులు తగ్గాయి. ఆ కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వచ్చింది.

పైగా శంకుస్థాపన జరిగింది 2015లో. ఒక్కసారి కట్టాక అప్పు తీరేదాకా, అంటే పాతిక, ముప్పై ఏళ్ళు నడపాల్సిందే. నా బాధల్లా అక్కడే. ఇప్పుడు సోలార్ చవకైంది. ఇంకో ప్లాంటు అనేముందు ఆలోచించాలి. సగం ఎకరం బీడులో సోలార్ పలకలు పెట్టి పగటి కరెంటు బోర్లకు ఇవ్వొచ్చు కదా?

సిమెంటు సంగతి కూడా చెప్పాలి. మా వాడపల్లి నుంచి మట్టపల్లి, మేళ్ళచెరువు దాకా సున్నపురాయి ఉన్నచోటల్లా ఫ్యాక్టరీలే. కొలిమిలో కాల్చే బొగ్గు పొగ ఒక ఎత్తు, ఆ రాయిని కాల్చినప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. ప్రపంచం వదిలే మొత్తంలో ఏడెనిమిది శాతం సిమెంటుదే. హైదరాబాదులో లేచే ప్రతి అపార్టుమెంటులో మా గుట్టలున్నాయి.

ఎడమ కాల్వ ఆయకట్టు, నిడమనూరు
నవంబరు 11

మొన్న ఒక మీటింగుకు పిలిచి, వరి మడిలో నిలబెట్టిన నీళ్ళ నుంచి మీథేన్ వస్తుంది, మీరు వరి తగ్గించాలి అన్నారు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

సాగర్ కాల్వ వచ్చాక మా తాతలు జొన్న మానేసి వరి పెట్టారు. పెట్టమన్నది ప్రభుత్వమే. తెలంగాణ వచ్చాక రాష్ట్రంలో వరి విస్తీర్ణం మూడింతలకు పైగా పెరిగింది. ఎందుకు? వడ్లకు ఊళ్ళోనే కొనుగోలు కేంద్రం ఉంటుంది. కందికి, జొన్నకు, సజ్జకు మద్దతు ధర కాగితం మీద ఉంటుంది, కాంటా ఎక్కడుంది? చిరుధాన్యాలు తినండి అని పోస్టర్లు వేస్తారు, అమ్ముకోవడానికి నేను ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పరు.

అమెరికాలో ఒక్కొక్కరు ఏడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. మన దేశంలో మనిషికి రెండు టన్నుల దగ్గర. వాళ్ళు కార్ల మీద తిరగడం విలాసం, మేము అన్నం పండించడం నేరమా?

లెక్కల సారు, నల్గొండ
నవంబరు 12

మీ కోపంలో న్యాయం ఉంది. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి లోకంలో పోగైన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు ఒక్క అమెరికాదే. ఆ దేశం 2025 జనవరిలో, భూమి వేడిని అదుపు చేయడానికి దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి మళ్ళీ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2025 నవంబరులో బ్రెజిల్‌లో బెలెం నగరంలో వాతావరణ సదస్సుకు దేశాలు కూర్చున్నాయి. 2024లో బాకు సదస్సులో, 2035 నాటికి ఏడాదికి 300 బిలియన్ డాలర్లు పేద దేశాలకు అందేలా చూస్తామన్నారు. పేద దేశాలు అడిగింది అంతకు ఎన్నో రెట్లు. నష్టపోయిన దేశాలకు నిధి పెట్టాలని 2022లో ఈజిప్టులో ఒప్పుకున్నారు, చండూరులో నల్లబడ్డ పత్తి దాకా అది వచ్చే దారి నాకైతే కనిపించడం లేదు.

అయినా ఒక మాట. మనిషి తలసరి లెక్కలో చిన్నవాళ్ళమే గానీ, దేశం మొత్తంగా చైనా, అమెరికా తర్వాత మూడో స్థానం మనదే. 2070కి నికర సున్నాకు, అంటే గాలిలోకి వదిలేదీ గాలి నుంచి తీసేసేదీ సమానమయ్యే స్థితికి, చేరతామని 2021లో గ్లాస్గోలో మన ప్రధాని ప్రకటించారు. నల్గొండ రైతును ముందు నిలబెట్టి ఆ భారం మోయమనడం తప్పు. హైదరాబాదులో ఇంటికి మూడు ఏసీలు, రెండు కార్లు ఉన్న మనబోటి వాళ్ళు కూడా తలసరి సగటు వెనక దాక్కుంటున్నారు, అదీ తప్పే. నా కొడుకు ఇంట్లోనే ఈ మాట అన్నాను. కొంచెం గొడవైంది.

ఎడమ కాల్వ వారికి ఇంకో సంగతి. రాత్రి కనిష్ట ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి పది శాతం దాకా పడిపోయిందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 2004లోనే తేలింది. సిస్టర్ చెప్పిన ముసలమ్మ కథే పైరుకూ వర్తిస్తుంది, పగలు సంపాదించుకున్న పిండిని వేడి రాత్రి శ్వాసలో ఖర్చు పెట్టేస్తుంది.

మర్రిగూడ వాసి
నవంబరు 12

ఫ్లోరైడ్ గురించి ఎవరూ రాయలేదు. మా పెద్దనాన్న వెన్ను వంగిపోయి, మెడ తిప్పలేక, మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పేవాడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. అది రాతి గుణం, వాతావరణ మార్పు వల్ల వచ్చింది కాదు. కానీ వానలు ఒక్కసారిగా పడి పారిపోతే భూమిలోకి దిగవు. బోరు ఇంకో వంద అడుగులు దింపుతారు. నీళ్ళు రాయిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే ఫ్లోరైడ్ అంత కరుగుతుంది. ఇప్పుడు తాగడానికి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. పశువులు, పంటలు మాత్రం బోరు నీళ్ళ మీదే. అందుకే నాకు కుంట పూడిక తీయడం, కట్ట నిలబెట్టడం అన్నిటికంటే ముఖ్యం.

అమ్రాబాద్ అంచు
నవంబరు 12

నల్లమలలో చెంచు పెద్దలు తేనె తగ్గిందంటున్నారు. ఎండాకాలం మంటలు ముందే మొదలవుతున్నాయి, ఇప్ప పూత సమయం కూడా అటూ ఇటూ అవుతోంది. అది మంటల వల్లనా, వేడి వల్లనా, పురుగుమందుల వల్లనా నేను తేల్చి చెప్పలేను. వాళ్ళు చెప్పేది రాసిపెట్టేవాళ్ళు కూడా లేరు.

గద్వాల గట్టు
నవంబరు 13

అన్నీ చదివాను. వానలెక్క తమ్ముడు 2009 గురించి చెప్పింది నాకు తట్టలేదు. ఆగస్టులో మేము బోర్ల దగ్గర కొట్లాడుకున్నాం, అక్టోబరులో పడవల్లో తిరిగాం. రెండూ ఒకే ఏడాదివని నా బుర్రలో ఎప్పుడూ కలవలేదు.

సరే, వేడి పెరిగింది, వాన తీరు మారింది, ఒప్పుకుంటాను. కానీ నా మొదటి మాట వదలను. 2024 సెప్టెంబరు మొదట్లో సూర్యాపేట జిల్లాలో సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. వాన ఎక్కువ పడింది నిజమే, గట్టును అంత వానకు తగ్గట్టు ఉంచాల్సింది మనుషులే. పెద్ద వానలు ఇంకా ఎక్కువవుతాయని తెలిశాక కూడా పాత లెక్కలతోనే కల్వర్టులు కడితే దానికి వాతావరణాన్ని తిట్టకూడదు. మర్రిగూడ అన్న చెప్పిన కుంట సంగతీ అంతే.

ఇంకొకటి. పంటల బీమా. 2020లో మన రాష్ట్రం కేంద్ర బీమా పథకం నుంచి బయటికి వచ్చింది. ఆ తర్వాత వడగండ్లు పడ్డా, తుపాను వచ్చినా రైతు చేతికి వచ్చేది ఎవరు దయ తలిస్తే అంత. ఆ పథకంలో లోపాలున్నాయి, ఊరు మొత్తాన్ని ఒక యూనిట్‌గా చూస్తే నా పొలం నష్టం లెక్కలోకి రాదు. అయినా ఏమీ లేకపోవడం కంటే మేలు. చండూరు అన్న రెండుసార్లు కొన్న గింజల డబ్బు ఎవరిస్తారు?

వానలెక్క, మిర్యాలగూడ
నవంబరు 13

గట్టు అన్నా, నువ్వన్నది నిజం. వేడిని ఆపడం ఒక పని, వచ్చిన వేడిని తట్టుకోవడం ఇంకో పని. మన జిల్లాల్లో రెండోది ఎవరి జాబితాలోనూ లేదు.

ఎడమ కాల్వ అన్నకు: వరి మానమని నేను అనను. పోయిన యాసంగిలో మా మామ రెండెకరాల్లో తడి-పొడి పద్ధతి చేశాడు. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్క, కింది భాగంలో చుట్టూ రంధ్రాలు. దాన్ని మడిలో దించి లోపలి మట్టి తీసేయాలి. నాటు వేసిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టాలి. పైపులో నీళ్ళు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండు బెత్తెలు కిందికి దిగాకే మళ్ళీ నీళ్ళు పెట్టాలి. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు. భూమికి గాలి తగిలితే మీథేన్ చేసే సూక్ష్మజీవులు పని ఆపేస్తాయి, అది సగం దాకా తగ్గుతుంది. రైతుకు మిగిలేది నీళ్ళు, కరెంటు. దిగుబడి మా మామకు తగ్గలేదు. కలుపు గడ్డి కొంచెం ఎక్కువ వచ్చింది, అది దాచను. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే దగ్గరుండి చెప్తారు.

చండూరు అన్నకు: తొలకరి చూసి గింజ పెట్టకు. 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తారు. మండల కేంద్రంలో 70 అని చూపించినా నీ చేను మీద 30 పడి ఉండొచ్చు. సొంతంగా ఒక వాన కొలపాత్ర పెట్టుకో. ఆరు సాళ్ళ పత్తికి ఒక సాలు కంది వేస్తే, పత్తి పోయినా కొంత చేతికొస్తుంది.

ఎడమ కాల్వ ఆయకట్టు, నిడమనూరు
నవంబరు 14

తమ్మీ, మీటింగులో ఇట్లా చెప్పి ఉంటే వినేవాణ్ణి. నాకు నీళ్ళు కాల్వవి. వారబందీలో, అంటే వంతుల ప్రకారం, వచ్చినప్పుడు పెట్టుకోకపోతే మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదు, అందుకే మడి నిండా నిలబెడతాం. బోరు కింద వాళ్ళకైతే ఇది కుదురుతుంది. బోరు కింద ఉన్న అర ఎకరంలో యాసంగికి చేసి చూస్తాను. నీళ్ళు ఫలానా రోజు వస్తాయని కాల్వ వాళ్ళు ఖచ్చితంగా చెప్తే మిగతా మూడెకరాల్లో కూడా చేస్తాను.

చల్కనేల, చండూరు వైపు
నవంబరు 16

అందరికీ చాలా థాంక్స్. రాసినవన్నీ రాత్రి నాయనకు చదివి వినిపించాను. పుణె తమ్ముడి దగ్గర ఆగమన్నాడు. "ఆ పిల్లగాడు ఎట్లున్నడో అడుగు" అన్నాడు. తమ్మీ, చెప్పు.

నిన్న నల్గొండ పోయి వాన కొలపాత్ర కొన్నాను. గీతలు సన్నగా ఉన్నాయి, నాయనకు కనిపించడం లేదు. మా పాప 60 దగ్గర, 75 దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టింది. వచ్చే మేలో ఎంత మంచి వాన పడినా ఆ ఎర్ర గీత తాకేదాకా గింజ సంచి విప్పొద్దని నాయనే అన్నాడు. కంది సాలు కూడా వేస్తాం.

వానలెక్క తమ్మీ, దాన్ని బాయి దగ్గర చింతచెట్టు పక్కన పాతుదామనుకుంటున్నా. సరిపోతుందా?

వానలెక్క, మిర్యాలగూడ
నవంబరు 16

చెట్టు పక్కన వద్దన్నా. చెట్టు ఎంత ఎత్తుందో దానికి కనీసం రెండింతల దూరంలో, చుట్టూ ఖాళీగా ఉన్నచోట పెట్టు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాసుకోవాలి, వాతావరణ శాఖ వాళ్ళూ అదే టైమ్‌కు చూస్తారు. వాన పడని రోజు కూడా సున్నా అని రాయమని నాయనకు చెప్పు.